పండగ మూడు రోజులూ షాపు ఫోన్ ఎవరికి అప్పగించాలి?

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్ పార్ట్స్ షాపు. భోగి, సంక్రాంతి, కనుమ షట్టర్ దించేస్తాం గానీ ఫోన్ ఆగదు. పోయినసారి అత్తగారింట్లో అరిసెల పళ్లెం ముందు పెట్టుకుని, క్లచ్ ప్లేటు ఏ ర్యాక్‌లో ఉందో కుర్రాడికి వీడియో కాల్‌లో చూపించాను. పిల్లల మొహాలు చిన్నబోయాయి.

అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1, పదకొండో తారీఖుకల్లా వేసేస్తాం, పన్ను కట్టే రిటర్ను 3బికి 20 దాకా టైముంది, లెక్కల టెన్షన్ లేదు. నా బెంగంతా దారిలో బండి ఆగిపోయిన డ్రైవర్ల గురించే. పండగని చెప్పి ఫోన్ పెట్టేయడానికి మనసొప్పదు. వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ రిప్లై పెట్టినా నేరుగా కాల్ చేస్తున్నారు.

కుర్రాడికి రేట్లు రాసిచ్చి, తాళాలు అప్పగించడం మేలా? పక్క షాపాయనతో వంతులు వేసుకోవడం మేలా? అలా చేసినవాళ్లుంటే, అప్పు మీద సరుకు అడిగే పాత ఖాతాల వాళ్లకి ఏం చెప్పారో కూడా రాయండి.