పది తర్వాత ఇంటర్ తప్ప దారి లేదా?

ప్రశ్న:
మాది కుషాయిగూడ. మా తమ్ముడు ఈ ఏడాది పది పాసయ్యాడు. లెక్కలంటే భయం లేదు గానీ గంటలకొద్దీ కూర్చుని చదవడం వాడివల్ల కాదు. మొన్న మిక్సీ మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. అది తిరుగుతోంది కూడా! నాన్నేమో కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీ అంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఐటీఐ మంచిదా, పాలిటెక్నిక్కా?

జవాబు 1:
పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాశాడా అక్కా? రాసుంటే ఆప్షన్లలో మాసాబ్‌ట్యాంక్, రామంతాపూర్ ప్రభుత్వ కాలేజీలు ముందు పెట్టుకోండి. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నాన్నగారికి ముందు ఈ ముక్క చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

జవాబు 2:
నేను మల్లేపల్లి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాను, రెండేళ్లు. తర్వాత అప్రెంటిస్. స్టైపెండ్ బస్సుకీ చాయ్‌కీ సరిపోయేది, అంతే. కానీ ప్యానెల్ బోర్డు ముందు చెయ్యి వణకకపోవడం అక్కడే అలవాటైంది. ఎక్కడ చేర్చినా ముందు వర్క్‌షాప్ కళ్లారా చూడండి. నా స్నేహితుడొకడు ప్రైవేటు ఐటీఐలో చేరి, రెండేళ్లలో ఒక్క మోటారు వైండింగ్ చెయ్యకుండానే బయటికొచ్చాడు.

జవాబు 3:
బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ)ని మర్చిపోయారు! పది తర్వాతే టూల్, డై, మౌల్డ్ మేకింగ్ (ఫ్యాక్టరీలకు కావాల్సిన పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమా, నాలుగేళ్లు. మెషిన్ల పిచ్చి ఉన్నవాడికి అదే సరి. ప్రవేశ పరీక్ష ఉంటుంది.

అడిగినదాన్ని నేనే:
పాలీసెట్ రాశాడు, ర్యాంకు అంతంతమాత్రం. సోమవారం వాడితో మల్లేపల్లి వెళ్తున్నా. నాన్నతో ఈసెట్ మాట అంటే పేపర్ పక్కన పెట్టి విన్నారు.