తమ్ముడు పోయాక ప్రార్థన రావట్లేదు, మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

తెనాలి_అమ్మాయి

అందరికీ వందనాలండి. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు పోయి ఎనిమిది నెలలు, బైక్ మీద వస్తుంటే బైపాస్ దగ్గర యాక్సిడెంట్ అయ్యింది, వాడికి 24 ఏళ్ళు. మందిరంలో కీబోర్డ్ వాయించేవాడు. అమ్మ ఇప్పటికీ శనివారం సాయంత్రం వాడి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక మేకుకి తగిలిస్తుంది, ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ తీసి మడతపెట్టి బీరువాలో పెట్టేస్తుంది, నేను చూస్తూ ఉంటా ఏమీ అనను.

జ్ఞాపకార్థ కూడిక దాకా బానే ఉన్నాననుకున్నా, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు నేనే వడ్డించా. ఆ తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది, మందిరంలో పాట ఎత్తుకోగానే గొంతు పట్టేస్తుంది, మోకరిస్తే "ప్రభువా" అన్న దగ్గరే ఆగిపోతున్నా. గుంటూరులో డాక్టర్ గారికి చూపిస్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు, మూడు వారాలైంది. అది తెలిసి మా బంధువు ఒకావిడ "మాత్రలు మింగుతున్నావంటే దేవుడి మీద ఆనుకోలేదన్నమాట, ఉపవాసముండి అడుగు, ఆయనే ఇస్తాడు సమాధానం" అంది. నిన్న రాత్రి మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నా. నిజంగా ఇది అవిశ్వాసమా? ఇంకో మాట కూడా ఉంది, ఇంట్లో అనలేదు, నాకు దేవుడి మీద కోపంగా ఉంది. ఇలాంటి స్థితిలోంచి మళ్ళీ ప్రార్థనలోకి ఎలా వచ్చారో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మెదక్_పెద్దాయన

అమ్మా, నాకు నీ వయసు కూతురుంది. ఆరేళ్ళ కింద మా ఇంటావిడ క్యాన్సర్‌తో పోయింది. మా మెదక్ చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేసింది, మా తాతల కాలం నుంచి మేం అందులోనే, కానీ ఆమె పోయాక ఏడాదంతా ఆ మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ణి. ఎవరు కనపడ్డా "దేవుని చిత్తం బిడ్డా" అనేవాళ్ళు, ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

నాకు దారి దొరికింది 88వ కీర్తనలో. బైబిల్ తీసి చూడు. మిగతా ఏడుపు కీర్తనలు చాలామటుకు చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి, 13వది చూడు, "ఎన్నాళ్ళు" అని మొదలై పాటతో అయిపోతుంది. 88 మాత్రం అట్ల తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. దేవుణ్ణి ముఖం మీదే నిలదీసినాయన మాటల్ని కూడా తీసెయ్యకుండా ఆయన గ్రంథంలోనే ఉంచుకున్నాడు కదా, మరి నీ కోపాన్ని ఎందుకు కాదంటాడు. నీకు మాటలు రాకపోతే ఆ మాటలు అరువు తెచ్చుకో. పైకి చదువు, మనసులో కాదు. నేను రోజూ పొద్దున టీ పెట్టుకుని అదొక్కటే చదివేవాణ్ణి, అదే నా ప్రార్థన, వేరేది రాలేదు చాలా రోజులు.

సిస్టర్_వార్డ్

చెల్లీ ముందు మాత్ర సంగతి. నేను 19 ఏళ్ళుగా నర్సుని. డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపకు, తల తిరగడం, గుండె దడ, నిద్ర ఇంకా చెడిపోవడం చాలామందిలో చూశా, అప్పుడేమో "చూశావా మాత్రల వల్లే ఇలా అయ్యింది" అంటారు. ఈ మాత్రలు మొదటి రోజు నుంచే పనిచెయ్యవు, కొన్ని వారాలు పడుతుంది, మూడు వారాలకే ఏం తేడా లేదనుకోకు.

ఇక విశ్వాసం సంగతి. సువార్త రాసిన లూకాని అపొస్తలుడు పౌలు "ప్రియుడైన వైద్యుడు" అనే పిలిచాడు, కొలస్సీ పత్రిక 4:14. తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు ఉంటే కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడే గానీ నీకు విశ్వాసం చాల్లేదని రాయలేదు. 1883లో గుంటూరుకి లూథరన్ మిషనరీగా వచ్చిన అన్నా కుగ్లర్ గారు డాక్టరే, మన ఆడవాళ్ళకి వైద్యం చెయ్యడమే ఆవిడ సేవ. ఆవిడ మందులిచ్చింది విశ్వాసం లేకనా?

రాత్రిపూట చచ్చిపోవాలనే ఆలోచన గానీ వస్తే ఒక్కదానివీ ఉండకు, అమ్మని లేపు, 14416కి కాల్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కృప_చాలును

అందరూ ఒకటే వైపు చెప్తున్నారు కాబట్టి నా సాక్ష్యం కూడా రాస్తున్నా. నేను మందులు వాడలేదు, సంఘ పెద్దలు వచ్చి యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించారు, నాకు సమాధానం వచ్చింది. దేవుడు ఇప్పటికీ ముట్టుకుంటాడు, అది మాత్రం వదులుకోకు అక్కా.

సిస్టర్_వార్డ్

బ్రదర్ మీకు జరిగింది నేను నూటికి నూరుపాళ్ళు నమ్ముతా, నూనె రాయించుకోమనే నేనూ చెప్తా. మాత్ర వేసుకుని రాయించుకుంటే ఆయన చెయ్యేం వెనక్కి తీసుకోడు కదా.

రాజమండ్రి_ఆంటీ

తల్లీ నా కొడుకు పోయి పదకొండేళ్ళు. నన్ను నిలబెట్టింది ప్రసంగాలు కాదు. మా స్త్రీల కూడికలో ఒకావిడ రోజూ సాయంత్రం టిఫిన్ బాక్సులో పెరుగన్నం తెచ్చి నా పక్కన కూర్చునేది, వాక్యం చెప్పేది కాదు, గిన్నె ఖాళీ అయ్యాక కడుక్కుని వెళ్ళేది. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టుకింద పడుకుంటే దూత వచ్చి లేచి తినమన్నాడు, రొట్టె, నీళ్ళు, మళ్ళీ నిద్ర, మళ్ళీ రొట్టె, అంతే కదా. నువ్వు కూడా ముందు తిను, పడుకో. అందరికీ వడ్డించావు సరే, నీకెవరు వడ్డించారమ్మా? ఇంకా అమ్మ చొక్కా సంగతి, ఇస్త్రీ చేసుకోనీ, ఆపకు. ఆవిడకీ ఎవరైనా తోడు కావాలి, ఈ శనివారం పక్కన కూర్చో.

తెనాలి_అమ్మాయి

ఇప్పుడే అందరివీ చదివా, ఏడ్చుకుంటూనే చదివా, చాలా రోజులకి ఏడుపు వచ్చింది. నిన్న శనివారం అమ్మ ఇస్త్రీ చేస్తుంటే పక్కన పీట వేసుకుని 88 పైకి చదివా. బంధువర్గమాయెను అన్న దగ్గర అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివా. తర్వాత "నాకూ నిద్ర పట్టట్లేదే" అంది, ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి చెప్పడం. మాత్ర వేసుకున్నా అక్కా. మంగళవారం డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాలి, అమ్మని కూడా తీసుకెళ్తున్నా.