సమస్య: కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

మూలాపేట మాస్టారు:
ఈ వారం సమస్య ఇదీ. ఛందస్సు ఆటవెలది.

కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

విషయం కూడా నేనే కట్టేశాను: బాక్సర్ ముహమ్మద్ ఆలీ. 2025 మార్చిలో, ఒకప్పుడు ఆలీ చేతిలో ఓడిన ఫోర్మన్ పోయిన రోజున మొదలైన ముచ్చట మన గుంపులో ఇంకా తెగలేదు. ఎవరో ఒకరు కిన్షాసా అంటారు, ఇంకొకరు మనీలా అంటారు, రాత్రి పన్నెండు దాటుతుంది. అదేదో పద్యంలోనే తేల్చుకోండి.

చివరి పాదం ముట్టుకోకూడదు. కొట్టకుండా కొట్టడమేంటి అనే ముడి విప్పడమే మీ పని. పేర్లను తెలుగు చేసుకోవచ్చు. రౌండు, కోర్టు, రెఫరీ లాంటి మాటలకు అభ్యంతరం లేదు. అరసున్నలు నేనే పెట్టలేదు, మిమ్మల్ని అడగను. యతి మాత్రం అడుగుతాను. తిక్కన ఊరివాళ్ళమని చెప్పుకుంటే చాలదు కదా.

ఒంగోలు గిత్త:
అందరికంటే ముందు నాదే. 1974 అక్టోబరు 30, కిన్షాసాలో ఫోర్మన్‌తో మ్యాచ్.

త్రాటి కొరిగి నిలిచి దండిగా దెబ్బలు
తినుచు నేడు రౌండ్లు, తిరిగి చేయి
యెత్తలేని వాని నెనిమిదౌ రౌండులో
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

మా వైపు బండలాగుడు చూసినవాళ్ళకు ఈ మ్యాచ్ వేరే చెప్పక్కర్లేదు. మొదట్లో ఉరికే గిత్త కాదు, చివర్లో కాలు నిలబడే గిత్త గెలుస్తుంది. ఫోర్మన్‌కు అప్పటికి నలభై పోటీలు, నలభై గెలుపులు. ఫ్రేజియర్‌నీ నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో పడేసినవాడు. ఆలీ ఆ బలాన్నంతా తన చేతుల మీదా డొక్కల మీదా ఖర్చు పెట్టించాడు.

సింగరాయకొండ పంతులమ్మ:
గణాలు కుదిరాయి. త్రా–దం యతి సరే, తి–తి సరే. "దండిగా" మన మాట, సంతోషం. కానీ "తినుచు నేడు రౌండ్లు" దగ్గర ఆగిపోయానండీ. తినుచున్ + ఏడు అని మీరు సంధి చేశారు. చదివేవాడికి "నేడు", అంటే ఇవాళ, అని వినిపిస్తుంది. ఇవాళ రౌండ్లు తింటున్నాడేంటి, రొట్టెలా?

కావలి కుర్రోడు:
అన్నా, లెక్క కూడా తప్పు. మొదటి రౌండులో ఆలీ తాళ్ళ మీద లేడు. నడి రింగులో నిలబడి కుడిచేత్తో సూటిగా కొట్టాడు. తాళ్ళకు ఒరగడం రెండో రౌండు నుంచి. ఒరిగాక కూడా సందు దొరికినప్పుడల్లా ఫోర్మన్ మొహం మీద ఇస్తూనే ఉన్నాడు. ఏడు రౌండ్లూ ఊరికే తిన్నాడంటే ఒప్పుకోను.

ఒంగోలు గిత్త:
ఇద్దరూ ఒకే చోట పొడిచారు, ఒకే మందు సరిపోతుంది. రెండో పాదం ఇట్టా మారుస్తున్నా:

తినుచు రెండు మొదలు, తిరిగి చేయి

మూలాపేట మాస్టారు:
సంధీ చక్కబడింది, చరిత్రా చక్కబడింది. అయితే ఒక మాట. ఈ పూరణలో "కొట్టకుండ" ముందు, "గొట్టి" తరువాత. ముందు కొట్టలేదు, తరువాత కొట్టాడు. ముడి విప్పినట్టే గానీ, కాలాన్ని అడ్డం పెట్టి విప్పారు. ఒక్క క్షణంలోనే కొట్టినట్టూ కొట్టనట్టూ ఉండే సందర్భం ఎవరికైనా తట్టిందా?

కావలి కుర్రోడు:
తట్టకేం మాస్టారూ, 1965. మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే చిన్న ఊరు. లిస్టన్‌తో రెండో మ్యాచ్, మొదటి రౌండు.

కన్ను మూసి తెరువ గానరాదా దెబ్బ,
లిస్ట నొరిగె నేల, లెక్క తప్పె,
జనులు కుట్ర యనిరి, సరి, కాని నేనందు
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

మూలాపేట మాస్టారు:
ఒరే అబ్బయ్య! ఇదీ పూరణ. పద్యం మొదటిసారి రాస్తున్నానన్నావు గదరా?

సింగరాయకొండ పంతులమ్మ:
జ–స యతి తెలిసి వేశావా, తెలియక పడిందా? చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. ఎట్టా పడినా సరిపోయింది. నాకు నచ్చింది "లెక్క తప్పె". లిస్టన్ పడ్డాక ఆలీ తన మూలకు పోకుండా మీద నిలబడి లెమ్మని అరిచాడు. రెఫరీ వాల్కాట్ ఆలీని చూడాలా, లెక్క పట్టాలా తేల్చుకోలేకపోయాడు. రింగు పక్కన కూర్చున్న పత్రికాయన చెబితే గానీ మ్యాచ్ అయిపోయిందని తేలలేదు. అంత గందరగోళం రెండు మాటల్లో పట్టింది.

కావలి కుర్రోడు:
తెలియక పడిందండీ. పొగిడారు గదా అని ఇంకొకటి కూడా పెట్టేస్తున్నా, మనీలాలో ఫ్రేజియర్‌తో ఆడిన మ్యాచ్ మీద.

మనిల వేడిలోన మంటలా పోరాడి
కళ్ళు వాచినట్టి ఫ్రేజియరును
పంప ననుచు గురువు పట్టి యాపగ వాని
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

సింగరాయకొండ పంతులమ్మ:
ఇక్కడ దొరికావు. రెండో పాదంలో యతి ఏదయ్యా? క–ఫ్రే. కకారానికీ ఫకారానికీ ఏ చుట్టరికమూ లేదు. పేరు పెట్టాలన్న తొందరలో యతిని వదిలేశావు. ఫ్రేజియర్ పేరు లేకపోయినా మనీలా అన్నాక ఎవరో తెలుస్తుంది. ఇట్టా రాసి చూడు:

కనులు వాచిపోయి కానలేని

క–కా. పైగా కళ్ళు వాచాయని ఊరుకోకుండా, చూపు ఆనలేదని కూడా చెప్పినట్టవుతుంది. పద్నాలుగో రౌండు అయ్యాక ఫ్రేజియర్ గురువు ఎడ్డీ ఫచ్ తన మనిషిని లేవనివ్వకపోవడానికి కారణం అదే గదా. మూడో పాదాన్ని ముందు "పగవాని" అని చదివి, వెనక్కి వచ్చి మళ్ళీ చదువుకున్నాను. అక్కడ కొంచెం ఎడం ఇచ్చి రాయి.

కందుకూరు వకీలు:
మీరంతా రింగులోనే తిరుగుతున్నారు. ఆలీ అన్నిటికంటే పెద్ద మ్యాచ్ ఆడింది కోర్టులో.

పేరు పిలువ నడుగు పెట్టలే దావల,
బిరుదు లాగుకొనిరి, పిడికి లైన
నెత్తలేదు, తుదకు నెగువ కోర్టున కేసు
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

1967 ఏప్రిల్ 28, హ్యూస్టన్. సైన్యంలో చేర్చుకునే చోట పేరు పిలిచారు. ఒక అడుగు ముందుకు వేస్తే చేరినట్టు. వేయలేదు. ఐదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. బెయిలు మీద బయట ఉన్నాడు గానీ మూడున్నరేళ్ళు రింగు ఎక్కనివ్వలేదు. 1971 జూన్‌లో సుప్రీం కోర్టు ఎనిమిది – సున్నాతో ఆ శిక్ష ఎత్తేసింది. ఇక మా వృత్తిలో "కేసు కొట్టేశారు" అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ఒంగోలు గిత్త:
అయ్యా వకీలుగారూ, చెయ్యి ఇటివ్వండి. పిడికిలి ఎత్తకుండానే కేసు కొట్టేయించాడు! "కొట్టు"కు రెండర్థాలు దొరికితే ముడి దానంతటదే ఊడిపోయింది.

మూలాపేట మాస్టారు:
పిలువ నడుగు, తుదకు నెగువ, రెండు చోట్లా ద్రుతం సరిగ్గా దిగింది. బి–పి యతి బాగుంది. "ఎగువ కోర్టు" అంటే హైకోర్టు కూడా కావచ్చు గదా అని అడుగుదామనుకున్నాను. వకీలుతో వాదన నాకెందుకని మానుకున్నా.

కోవూరు కాకా:
అబ్బాయిలూ, మీరంతా తెరల మీద చూసినవాళ్ళు. నేను మనిషిని చూశాను.

1980. మద్రాసు నెహ్రూ స్టేడియం. ఆలీ అప్పటికి రిటైరయ్యానని చెప్పేశాడు. జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన మ్యాచ్ ఆడించారు. ఎల్లిస్ కూడా ఆలీ లాగే లూయివిల్‌వాడు, చిన్ననాటి స్నేహితుడు. 1971లో పన్నెండో రౌండులో ఆలీ చేతిలోనే ఓడినవాడు. నెల్లూరు నుంచి నేనూ మా బావా పొద్దున్నే రైలెక్కాం. ఇంట్లో పత్తి విత్తనాల పని అని చెప్పి వచ్చాం. సెంట్రల్‌లో దిగితే స్టేడియం నడిచిపోయే దూరమే. పక్కనే మూర్ మార్కెట్, ఇప్పుడు లేదు. పాత పుస్తకాల కొట్టులో ఆలీ బొమ్మ ఉన్న పత్రిక ఒకటి బేరమాడి కొన్నా. మ్యాచ్‌కు ముఖ్యమంత్రి ఎంజీఆర్ కూడా వచ్చారు. తమిళులు ఎవరికి ఈల వేయాలో తెలియక ఇద్దరికీ వేశారు.

మేం కూర్చున్న చోటికి ఆలీ అరచెయ్యంత కనిపించాడు. అయినా ఆ కాళ్ళు! కొడుతున్నట్టు చెయ్యి లేపుతాడు, తగిలే చోటికి రాకముందే వెనక్కి లాగేస్తాడు. ఎల్లిస్ పడబోయినట్టు నటిస్తాడు. మా బావ నవ్వలేక నా భుజం పట్టుకున్నాడు.

చెన్నపురికి వచ్చె జిమ్మి యెల్లిసు తోడ,
ఆటలాడె నెహ్రు యంగణాన,
నవ్వి నవ్వి జనులు నడుములు విరుగగా
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

సింగరాయకొండ పంతులమ్మ:
కాకా, ఇంటికి పోయాక పత్తి విత్తనాలు అడిగారా?

కోవూరు కాకా:
అడిగారమ్మా. ధర కుదరలేదన్నాం.

మూలాపేట మాస్టారు:
చె–జి యతి చూసి ఆగాను. చ, జ ఒకే వర్గం, ఎ, ఇ ఒకే జట్టు. పేరును యతి కోసం వంచకుండా, యతే పేరు దగ్గరికి వచ్చింది. "కూల్చె"కు కర్మ పద్యంలో లేదు. మూడో పాదంలోని జనులనే తెచ్చుకోవాలి. అది చిన్న లోటు. అయినా మాస్టరు మార్కులు మాస్టరువి, స్టేడియానికి పోయొచ్చినవాడి మార్కులు వేరే.

ఒంగోలు గిత్త:
1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆలీ జ్యోతి వెలిగించిన దాని మీద ఎవరూ రాయరేం? నేనే రాస్తున్నా.

దివిటి వణకు చేత దీప్తిగా వెలిగించి
నిలిచె నొక్క మాట నేని లేక,
జగము కంట నీరు జలజలా రాలగా
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

కందుకూరు వకీలు:
"దీప్తిగా", "జలజలా" యతి కోసం పిలిచిన చుట్టాలు. కూల్చింది ఎవరిని? జగాన్నా? ఆ దృశ్యం చూస్తే ఏడుపు ఎట్టాగూ వస్తుంది. పద్యం ఏం చేసినట్టు?

ఒంగోలు గిత్త:
సరే, దీన్ని పోటీలో లెక్కపెట్టొద్దు.

సింగరాయకొండ పంతులమ్మ:
ఇప్పటిదాకా అందరి తప్పులూ పట్టాను, ఇక నా వంతు. ఒక సంగతి గమనించారా? సమస్యలో "అతడు" ఎవరో మాస్టారు చెప్పలేదు. విషయం ఆలీ అన్నారు గానీ, అతడే ఆలీ అనలేదు. మీరందరూ కర్తృస్థానంలో ఆలీని కూర్చోబెట్టారు. నేను హోమ్స్‌ను కూర్చోబెట్టాను.

గురువు వంటి వాని గుద్దలేకా హోమ్సు
ఆపు మాపు మనుచు నడిగి యడిగి,
కంట నీరు గార గడకు పదవ రౌండు
కొట్టకుండ గొట్టి కూల్చె నతడు

1980 అక్టోబరు 2, లాస్ వేగాస్. హోమ్స్ ఒకప్పుడు ఆలీ దగ్గర సాధన మ్యాచ్‌లు ఆడిన కుర్రాడు. ఇప్పుడు ఛాంపియన్. ముప్పై ఎనిమిదేళ్ళ ఆలీని ఎంత కొట్టాలో అంత కొట్టలేక, కొట్టకుండా ఉండలేక పది రౌండ్లు గడిపాడు.

కావలి కుర్రోడు:
అక్కా, ఒక చిన్న మాట. హోమ్స్ ఏడ్చింది మ్యాచ్ అయ్యాక. రింగులో కాదు.

సింగరాయకొండ పంతులమ్మ:
నిజమే. నా సలహా నాకే తగిలింది. మూడో పాదం: "కంటి నీరు దాచి కడకు పదవ రౌండు".

మూలాపేట మాస్టారు:
దాచడమే బాగుంది. అతడు ఎవరన్నది ఖాళీగా వదిలింది నేనే. ఆ ఖాళీలోకి ఎవరూ రారనుకున్నా. కాకా, మీరేమంటారు?

కోవూరు కాకా:
"కూల్చె" అన్న మాట ఒప్పుకోను. ఆ రాత్రి ఆలీ ఒక్కసారి కూడా కింద పడలేదు. పదో రౌండు అయ్యాక ఆలీ గురువు డండీ ఆపించాడు. స్టూలు మీద కూర్చునే ఓడాడు.

సింగరాయకొండ పంతులమ్మ:
చివరి పాదం ముట్టుకోకూడదని మాస్టారి ఆజ్ఞ కాకా. లేకపోతే నేనే మార్చేదాన్ని.

కోవూరు కాకా:
తెలుసమ్మా. మద్రాసులో నేను చూసిన ఏడాదే అది. ఎల్లిస్‌ను కొట్టకుండా కొట్టిన చేతులవి. అక్టోబరులో పేపరులో వార్త చూసి మా బావ నా దగ్గరికి వచ్చాడు. పేపరు చేతికివ్వకుండా మడిచి చంకలో పెట్టుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు.

మూలాపేట మాస్టారు:
ఓట్లు అడుగుతున్నాను. కుర్రాడి లిస్టన్, వకీలుగారి కోర్టు, కాకా మద్రాసు, పంతులమ్మగారి హోమ్స్. నాలుగే బరిలో ఉన్నాయి.

ఒంగోలు గిత్త:
వకీలు.

కావలి కుర్రోడు:
నాకు నేనే వేసుకోవచ్చా? వద్దులే, కాకాకు.

కందుకూరు వకీలు:
కుర్రాడికి. "లెక్క తప్పె" కోసం.

కోవూరు కాకా:
నా ఓటు పంతులమ్మకి. పద్యం మళ్ళీ చదవమని మాత్రం అడగొద్దు.