రిఫరెన్సుల్లో కామాలు తప్పాయని పేపర్ తిప్పి పంపడం న్యాయమేనా?

మెడిసిన్ పీజీ:
థీసిస్‌లోంచి తీసి రాసిన పేపర్‌ని ఒక జర్నల్‌కి పంపితే రివ్యూయర్ల దాకా వెళ్లకుండానే టెక్నికల్ చెక్‌లో తిప్పికొట్టారు. నేను ఆరుగురు ఆథర్ల పేర్లు రాసి తర్వాత ఎట్ ఆల్ (అంటే 'మరికొందరు') పెట్టాను, వాళ్లకి ఆరుగురు దాటితే ముగ్గురి పేర్లు చాలట. పేజీ నంబర్లు 284-7 అని కాదు, 284-287 అని మొత్తం రాయాలట. జర్నల్ పేరు ఇటాలిక్స్‌లో ఉండాలట. లోపల ఏం రాశానో మాత్రం ఎవరూ చూసిన పాపాన పోలేదు. వీళ్లు రిజెక్ట్ చేస్తే ఇంకో జర్నల్, ఇంకో స్టైల్, మళ్లీ మొదటికి. తీసుకుంటారో లేదో తెలియని పేపర్‌కి ముందే ఈ చాకిరీ ఏంటండీ? యాక్సెప్ట్ అయ్యాక అడగండి, నైట్ డ్యూటీలో కూర్చుని అయినా చేసిస్తాం.

డెస్క్ ఎడిటర్:
మీరు రిఫరెన్సులు రాసింది వాంకూవర్ స్టైల్లో, వాళ్లడిగింది ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) స్టైల్. ఆ సంగతి ఆథర్లకిచ్చే సూచనల్లో ఉండే ఉంటుంది, అది చదవకుండా పంపి జర్నల్‌ని తిడితే ఎలా? అసలు మీ బాధ కొత్తదేం కాదు. టైప్‌రైటర్ల రోజుల్లో ఒక జర్నల్ కాదంటే రిఫరెన్సులన్నీ మళ్లీ టైప్ కొట్టాల్సి వచ్చేది. అందుకే 1978లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్‌లో కలిసి ఉమ్మడి పద్ధతి ఒకటి పెట్టుకున్నారు, మరుసటి ఏడాది అది అచ్చయింది. ఆ బృందమే తర్వాత ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) అయింది. మాది చిన్న జర్నల్, జీతమిచ్చి పెట్టుకున్న కాపీ ఎడిటర్లు లేరు, ఓపీ ముగించుకుని వచ్చి మేమే కూర్చుంటాం. అనుభవం మీద చెప్తున్నా, రిఫరెన్సులు చిందరవందరగా ఉన్న పేపర్‌లో టేబుళ్ల లెక్కలు కూడా సరిగ్గా ఉండవు.

కమ్యూనిటీ మెడిసిన్:
ఆ చివరి మాట ఒప్పుకోను సార్. ముగ్గురా ఆరుగురా అన్నదానికీ టేబుల్లో లెక్కకీ ఏం సంబంధం? ఎంత టైమ్ పోతోందో చూడండి. 2019లో ప్లోస్ వన్‌లో ఒక సర్వే వచ్చింది, 41 దేశాల నుంచి 372 మంది జవాబిచ్చారు. ఒక్కో మాన్యుస్క్రిప్ట్‌కి ఫార్మాటింగ్‌కే 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు, ఇవి మీడియన్ (మధ్యస్థ) లెక్కలు. రిఫరెన్సులొక్కటే కాదు, ఫార్మాటింగ్ మొత్తం కలిపి అనుకోండి, అయినా అది చిన్న సంగతా? ఎల్సెవియర్ జర్నల్స్ చాలావాటిలో మొదటిసారి ఏ స్టైల్లో పంపినా తీసుకుంటారు, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటే చాలు. లాభాల కోసం నడిచే పబ్లిషరే సడలించినప్పుడు డాక్టర్ల సంఘాలు నడిపే సొసైటీ జర్నల్స్‌కి ఇంత పట్టుదల ఎందుకో.

లైబ్రరీ సార్:
చేత్తో టైప్ చేస్తే చాకిరీయే మరి. రిఫరెన్సులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటేరో ఫ్రీ. పబ్‌మెడ్ పేజీలో ఉండగా ఒక్క నొక్కు నొక్కితే వివరాలన్నీ వచ్చి కూర్చుంటాయి, స్టైల్ మార్చడం అరనిమిషం పని. రిట్రాక్ట్ అయిన (జర్నల్ వెనక్కి తీసుకున్న) పేపర్ మీ దగ్గరుంటే ఎర్ర పట్టీ చూపించి హెచ్చరిస్తుంది కూడా. 2020 జూన్‌లో లాన్సెట్ వెనక్కి తీసుకున్న ఆ హైడ్రాక్సీక్లోరోక్విన్ పేపర్‌ని ఆ తర్వాత కూడా సైట్ చేసినవాళ్లు (రిఫరెన్స్‌గా చూపినవాళ్లు) ఉన్నారు. కాకపోతే సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నమ్మకండి, లోపలికి చెత్త వెళ్తే బయటికీ చెత్తే వస్తుంది.

మెడిసిన్ పీజీ:
జొటేరో నాకూ ఉంది సార్. మా గైడ్ ఫైల్‌ని ఫోన్‌లో తెరిచి, దిద్ది, వాట్సాప్‌లో తిరిగి పంపుతారు. వచ్చేసరికి జొటేరో లింకులన్నీ తెగి నంబర్లు మామూలు టెక్స్ట్ అయిపోయి ఉంటాయి. మధ్యలో ఒక రిఫరెన్స్ కలపమంటే అక్కడి నుంచి కిందికి నంబర్లన్నీ చేత్తో జరుపుకోవడమే. ఇదంతా గైడ్‌కి చెప్పేదెవరు?

డల్లాస్ నుంచి:
కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించాలి. ఆ దిగుమతి అయ్యే వివరాల్లో మన పేర్ల గొడవ ఒకటుంది. వాంకూవర్‌లో ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత. మనవాళ్ల ఇంటిపేరేమో అప్పటికే పొడి అక్షరం. కె. శ్రీనివాస రావు ఒక పేపర్‌లో రావు కేఎస్, ఇంకో దాంట్లో శ్రీనివాస రావు కె, ఇద్దరు మనుషులైపోతాడు. ఇక్కడ రెసిడెన్సీ అప్లికేషన్‌లో రెండూ నావేనని చెప్పుకోవాలి. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద ఫిస్కేతో కలిసి 1925లో రాసిన పేపర్‌ని వెతకండి, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అక్కడ సుబ్బారో వై. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబర్) తీసుకోండి, ఇప్పటికి అదే దారి.

ప్యాథాలజీ అక్క:
మీరందరూ చుక్క ఎక్కడ పెట్టాలో మాట్లాడుతున్నారు, ఆ రిఫరెన్స్‌లో ఆ మాట ఉందో లేదో ఎవరైనా చూస్తున్నారా? 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక ఉత్తరం వచ్చింది, మొత్తం ఐదు వాక్యాలు. ఆస్పత్రిలో నార్కోటిక్ మందులిచ్చిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కనిపించిందని. అది ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ల సంగతి, ఇంటికెళ్లి నెలల తరబడి మింగే వాళ్ల సంగతి కాదు. 2017లో అదే జర్నల్‌లో లెక్క తీశారు: అప్పటికి దాన్ని 608 సార్లు సైట్ చేశారు, అందులో 72 శాతం ఓపియాయిడ్లతో (ఆ నార్కోటిక్ నొప్పి మందులతో) వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా. చాలామంది అవి ఆస్పత్రిలో ఉన్న రోగులన్న ముక్కే రాయలేదు. అమెరికాలో తర్వాత ఆ మందుల వ్యసనం ఎంతమందిని బలి తీసుకుందో తెలిసిందే. వాటిలో చాలావాటికి సంవత్సరం, వాల్యూమ్, పేజీ అన్నీ పొందిగ్గానే ఉండి ఉంటాయి, ఏ టెక్నికల్ చెక్ అయినా పాస్ చేసేస్తుంది. 2015లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (పాత అధ్యయనాలన్నీ కలిపి తీసిన లెక్క) ప్రకారం మెడికల్ జర్నల్స్‌లో దాదాపు పాతిక శాతం సైటేషన్లలో అసలు పేపర్ చెప్పిందొకటి, వీళ్లు రాసిందొకటి. డెస్క్‌లో ఉన్న ఆ కాస్త టైమ్‌లో ఏవైనా నాలుగు రిఫరెన్సులు తెరిచి అబ్‌స్ట్రాక్ట్ చదవండి సార్, ఇటాలిక్స్ తర్వాత చూసుకోవచ్చు.

డెస్క్ ఎడిటర్:
తెరవాలంటే ముందు దొరకాలి కదమ్మా. సగం సగం రాసిన రిఫరెన్స్ పట్టుకుని వెతకడానికే గంట పడుతుంది. ఈమధ్య చాట్‌జీపీటీ పుణ్యమా అని ఇంకో రకం వస్తున్నాయి. ఆథర్ల పేర్లు, జర్నల్ పేరు కుదించిన తీరు, పేజీలు, అంతా ముచ్చటగా ఉంటుంది, తీరా చూస్తే అలాంటి పేపరే లేదు.

ప్యాథాలజీ అక్క:
మరి అదే కదా సార్ నేనంటున్నది! ఫార్మాట్ నీట్‌గా ఉంటే పేపర్ నీట్‌గా ఉంటుందని పైన మీరే అన్నారు. ఇప్పుడు అన్నిటికన్నా నీట్‌గా ఉన్నవే దొంగవి అంటున్నారు.

డెస్క్ ఎడిటర్:
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. ఎట్ ఆల్ ముగ్గురికి పెట్టినా ఆరుగురికి పెట్టినా మొదటిసారి పట్టించుకోకుండా ఉండేలా మా బోర్డులో అడిగి చూస్తా, ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కానీ పీఎంఐడీ (పబ్‌మెడ్ నంబర్) గానీ డీఓఐ (పేపర్‌కి ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత గుర్తింపు) గానీ లేని రిఫరెన్స్ వస్తే మాత్రం తిప్పి పంపుతా.

కమ్యూనిటీ మెడిసిన్:
మా సబ్జెక్ట్‌లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) రిపోర్ట్ లేకుండా పేపర్ ఉండదు. దానికి పీఎంఐడీ ఎక్కడి నుంచి తేవాలి సార్?

లైబ్రరీ సార్:
రిపోర్టులకి ప్రచురించిన సంస్థ, ఊరు, సంవత్సరం, లింకు, చూసిన తేదీ ఉంటే చాలు మేడమ్. పీజీ బాబూ, మీ గైడ్‌కి వర్డ్ ఫైల్ బదులు పీడీఎఫ్ పంపండి. దాని మీద ఏం కావాలంటే అది రాసుకుంటారు, మీ లింకులు మీ దగ్గరే ఉంటాయి.