సిక్స్ పాయింట్ బెల్టు కట్టుకునేవాళ్లకి హ్యాన్స్ తప్పనిసరి చేద్దామా?

ఆటోనగర్ వెల్డర్, విజయవాడ

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డులోనే 18 ఏళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాను. రేసు పోటీలకొచ్చే మన కుర్రాళ్ల కార్లకి రోల్ కేజ్‌లు (కారు పల్టీ కొట్టినా నలగకుండా లోపల కట్టే పైపుల చట్రం), బకెట్ సీట్లు, బెల్టులు చాలావరకు నేను బిగించినవే. తెలియనివాళ్లకి: సిక్స్ పాయింట్ అంటే ఆరుచోట్ల బిగించి ఒంటిని సీటుకి కట్టేసే రేసింగ్ బెల్టు. హ్యాన్స్ అంటే భుజాల మీద పెట్టుకుని హెల్మెట్‌కి పట్టీలతో తగిలించుకునేది, గుద్దినప్పుడు తల ముందుకి పోకుండా ఆపుతుంది.

సంక్రాంతి వెళ్లాక మంగళగిరి అవతల మట్టి గ్రౌండ్‌లో పెట్టుకున్న ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య ఒక్కో కారే తోలే టైము పోటీ) మా మేనల్లుడి ఎస్టీమ్ కారు గట్టుకి గుద్దుకుంది. మహా అయితే 50 స్పీడు. బంపరు, రేడియేటరు పోయాయి, అంతే. బెల్టు బాగా పట్టింది, వాడు సీట్లోంచి కదల్లేదు. కానీ 11 రోజులు మెడ తిప్పలేకపోయాడు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగలేకపోతే మా అక్క స్పూనుతో పట్టింది.

వాడి ఒంటిని సీటుకి కట్టింది నేనే. తల సంగతి ఆలోచించలేదు. అందుకే వచ్చేసారి హ్యాన్స్ లేనివాళ్లని స్టార్ట్ లైన్‌కి రానివ్వొద్దంటున్నాను. సగం మంది ‘ఎవరిష్టం వాళ్లది’ అంటున్నారు. మీరేమంటారు?

గుంటూరు ఎముకల డాక్టర్

వెల్డర్ గారూ, మీ అనుమానం నిజమే. తల బరువు దాదాపు 5 కిలోలు, హెల్మెట్ ఇంకో కిలోన్నర. కారు ఒక్కసారిగా ఆగితే బెల్టు ఛాతీని ఆపేస్తుంది, తల మాత్రం ముందుకు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీద, పుర్రె అడుగుభాగం మీద పడుతుంది. అక్కడ ఎముక విరిగితే మనిషి ఆసుపత్రికి చేరేదాకా ఉండకపోవచ్చు. మామూలు కారు బెల్టుతో ఒళ్లు కూడా కాస్త ముందుకు వెళ్తుంది. ఒంటిని గట్టిగా పట్టే బెల్టులు పెట్టినప్పుడే మెడకి రక్షణ ఎక్కువ అవసరం.

కొత్తపేట స్విఫ్ట్

అన్నా, దిగుమతి సరుకు, ఆ డబ్బుకి మంచి టైర్లొస్తాయి. నా మెడకి ఫోమ్ కాలర్ ఉందిగా? పైగా నాది రోజూ ఆఫీసుకి వెళ్లే కారు, కంపెనీ ఇచ్చిన బెల్టే.

పాత ఫార్ములా కారు

తమ్ముడూ, ఫోమ్ కాలర్ హెల్మెట్ బరువు మోయడానికే, గుద్దినప్పుడు తలని ఆపలేదు. నేను శ్రీపెరంబుదూరు ట్రాక్‌లో నాలుగేళ్లు తోలాను. మొదట్లో నీలాగే అనుకున్నవాణ్ణే.

హ్యాన్స్ కొత్త వస్తువేం కాదు. అమెరికాలో బాబ్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరు, ఆయన బావ జిమ్ డౌనింగ్ కలిసి 1980లలోనే తయారుచేశారు. డౌనింగ్ స్వయంగా రేసర్. అయినా చాలా ఏళ్లు ఎక్కువమంది పెట్టుకోలేదు. 2000 మే నుంచి 2001 ఫిబ్రవరి లోపు అమెరికా కార్ల రేసులు నాస్కార్‌లో ఆడమ్ పెట్టీ, కెన్నీ అర్విన్, టోనీ రోపర్, చివరికి డేల్ ఎర్న్‌హార్ట్ తల, మెడ దెబ్బలతో పోయారు. ఎర్న్‌హార్ట్ ఏడుసార్లు ఛాంపియన్. అంత పెద్దవాడు పోయాక కూడా హ్యాన్స్ గానీ అలాంటిదే ఇంకొకటి గానీ తప్పనిసరి చేయడానికి నాస్కార్‌కి అక్టోబరు దాకా పట్టింది. ఫార్ములా వన్ 2003లో హ్యాన్స్ తప్పనిసరి చేసింది. ఇష్టానికి వదిలేస్తే ఎప్పటికీ టైర్లే ముందు కొంటాం. నేనూ అదే చేశాను.

ఆటోనగర్ వెల్డర్, విజయవాడ

స్విఫ్ట్ తమ్ముడూ, నీ మాటలో ఒకటి నిజం. హ్యాన్స్ రెండు భుజాల మీదా బెల్టు కింద కూర్చోవాలి. కంపెనీ బెల్టు ఒక భుజం మీదుగానే వస్తుంది కాబట్టి నీ కారులో అది పనిచేయదు. మీకు వేరే క్లాసు పెడదాం, కోన్లు దగ్గర దగ్గరగా పెట్టి స్పీడు తగ్గిద్దాం. సిక్స్ పాయింట్ ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు వద్దు.

ఖర్చు మాట. మన ఆటోక్రాస్‌లో ఒక కారు తర్వాత ఒకటే కదా వెళ్లేది? మెడ సైజు కలిసినవాళ్లు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లకే, హ్యాన్స్ క్లిప్పులు పట్టే రేసింగ్ హెల్మెట్టే కావాలి. మొన్న ఒకబ్బాయి బైక్ హెల్మెట్ తెచ్చి డ్రిల్ చేసి బోల్టు వేయమన్నాడు. వేయలేదు. దయచేసి ఇంకెవరి చేతా కూడా వేయించుకోకండి, ఆ డొప్ప ఆ లాగుడికి చేసింది కాదు.

ఇంకో సంగతి, ఇది నా పనిలో లోపమే. నేను కట్టిన కొన్ని కేజ్‌లలో బెల్టు తగిలించే అడ్డ పైపు బాగా కిందికి ఉంది. బెల్టు భుజం మీద నుంచి దాదాపు అడ్డంగా, మహా అయితే 20 డిగ్రీలు కిందికి వెళ్లాలి. ఆ కార్లు ఆదివారం షెడ్డుకి తీసుకురండి, పైపు కోసి పైకి పెడతాను. కూలి అక్కర్లేదు. మా మేనల్లుడి ఎస్టీమ్‌కి నిన్నే చేశాను.