వేప్ చార్జ్ ఎక్కట్లేదని తెస్తున్నారు: బాగు చెయ్యాలా, తిప్పి పంపాలా?

గవర్నర్‌పేట మొబైల్స్

అందరికీ నమస్కారం. విజయవాడలో పదకొండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. ఈమధ్య కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. కాలేజీ కుర్రాళ్లు టెంపర్డ్ గ్లాస్ కోసం వచ్చినట్టు వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, జేబులోంచి ఈ-సిగరెట్ తీసి కౌంటర్ మీద పెడుతున్నారు. ఒకడిది చార్జ్ ఎక్కదు. ఒకడిది రెండు దమ్ములకే లైటు మిణుక్కుమని ఆరిపోతుంది. ఇంకొకడిది మరీ చోద్యం, నోట్లో పెట్టకుండానే దానంతటదే వెలుగుతుందట. ఈ నెలలోనే నలుగురొచ్చారు.

మొన్న ఒకటి విప్పాను. కింద మూత గోటితోనే ఊడొచ్చింది. షాపంతా మామిడి తాండ్ర వాసన. లోపల తడిసిన దూది, దాని చుట్టూ జిగట. చూపుడువేలంత సెల్, మీద 400 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని రాసుంది. తలవెంట్రుకల్లాంటి రెండు వైర్లు, చిటికెనవేలి గోరంత బోర్డు. అంతే సరుకు. మీటర్ పెడితే 1.1 వోల్టు. ఫోన్ బ్యాటరీ అయితే సప్లై నుంచి నేరుగా కాసేపు కరెంటిచ్చి బూస్ట్ కొట్టి, మూడు వోల్టులు దాటగానే చార్జింగ్‌కి పెట్టేసేవాణ్ని. దీనికీ క్లిప్పులు చేతిలోకి తీసుకున్నాను గానీ ఎందుకో మనసొప్పలేదు. మూత పెట్టేసి పక్కన పడేశాను.

ఎక్కడున్నా బ్యాటరీ బ్యాటరీయే కదా, మార్చి ఇస్తే తప్పేంటి? చేసినవాళ్లుంటే చెప్పండి. నీతులు మాత్రం వద్దు. నేనూ రోజుకి నాలుగు సిగరెట్లు కాల్చేవాణ్నే.

తెనాలి సర్వీస్ పాయింట్

నేను చేస్తానన్నా, దాచేదేముంది. 300 తీసుకుంటాను. సెల్ పోతే సెల్, పోర్ట్ పోతే పోర్ట్. మనం చెయ్యకపోతే వాడు మానేస్తాడా? వీడియో చూసి పాత చార్జర్ వైరు కత్తిరించి, ఆ రెండు కొసలూ నేరుగా సెల్‌కి అంటిస్తాడు. ఒకడు అలా చేసి చెయ్యి కాల్చుకునే నా దగ్గరకొచ్చాడు. దానికన్నా మనం చార్జింగ్ మాడ్యూల్ వేసి పద్ధతిగా ఇవ్వడం మేలు కాదా?

లబ్బీపేట లా స్టూడెంట్

నీతులు కాదు గానీ చట్టం చెప్తాను. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరమే. నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవరే అన్నా కుదరదు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ వెయ్యొచ్చు. రెండోసారి మూడేళ్లు, 5 లక్షల దాకా వెళ్తుంది. రిపేర్ అనే మాట చట్టంలో లేదు. కానీ స్టాక్ నిల్వ ఉంచడానికి చోటిచ్చినా ఆరు నెలల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా ఉన్నాయి. సొరుగులో ఉన్న నాలుగు రిపేర్ పీసులు స్టాక్ కిందకి వస్తాయా రావా అన్నది కోర్టులో వాదించుకోవచ్చు. అన్నా, మీకు ఆ ఓపిక ఉందా?

తెనాలి సర్వీస్ పాయింట్

రిపేర్ అనే మాట లేదని నువ్వే అన్నావుగా తమ్ముడూ 😀

బ్రాడీపేట మాస్టారు

గుంటూరులో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. చట్టం సంగతి ఆ అబ్బాయి చూసుకుంటాడు. గవర్నర్‌పేట బాబు "బ్యాటరీ ఎక్కడున్నా బ్యాటరీయే" అన్నాడు చూశారా, నా తగువు ఆ మాటతోనే.

లెక్క చూడండి. ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. వీడియో చూస్తున్నా అర ఆంపియర్‌కి మించి లాగదు. అంటే నిండా ఉన్నది ఖాళీ అవడానికి పది గంటలు. ఇందులో ఉన్నది 400 ఎంఏహెచ్. కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట) నిరోధం ఒక ఓమ్ అనుకుందాం. 3.7 వోల్టుకి 3.7 ఆంపియర్లు లాగుతుంది. ఆపకుండా పీల్చగలిగితే ఆరున్నర నిమిషాల్లో ఖాళీ. సైజుతో పోల్చుకుంటే ఫోన్ బ్యాటరీకన్నా దగ్గర దగ్గర తొంభై రెట్లు భారం. ఒకడు బస్తా మోస్తూ తాపీగా నడుస్తున్నాడు, ఇంకొకడు అదే బస్తాతో దుర్గ గుడి మెట్లు పరుగున ఎక్కుతున్నాడు. ఇద్దరి మోకాళ్లూ ఒకేలా అరుగుతాయా?

రెండు దమ్ములకే ఆరిపోవడం కూడా ఇందులోంచే వస్తుంది. సెల్ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. 0.2 ఓమ్ అయిందనుకోండి. మీరు ఊరికే మీటర్ పెడితే 3.7 చూపించి బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాయిల్ వెలిగిన క్షణంలో అది 3.1 దగ్గరికి పడిపోతుంది. బోర్డు "అయిపోయింది" అనుకుని కట్ చేస్తుంది. పీల్చడం ఆపగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది. కుర్రాడు "చార్జ్ ఉంది, వెలగట్లేదు" అంటాడు. వాడి మాటా నిజమే, మీ మీటర్ మాటా నిజమే.

దానంతటదే వెలగడానికి కారణం వేరు. లోపల గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. ఆ తాండ్ర వాసన ద్రవం కారి దాన్ని తడిపితే, ఎవరో పీలుస్తున్నారని భ్రమపడి కాయిల్‌ని వెలిగిస్తుంది. జేబులో ఉన్నా సరే.

ఇక 1.1 వోల్టు సెల్‌కి బూస్ట్ అన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. రెండు వోల్టుల కిందికి దిగి కొన్నాళ్లు పడున్న లిథియం సెల్‌లో రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి చార్జ్ చేస్తే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. అది లోపలే షార్ట్ చేస్తే ఇక మీ బోర్డు ఏం చెయ్యగలదు? మీకు మనసొప్పలేదన్నారు, అదే మంచిదైంది.

లీడ్స్‌లో గుంటూరోడు

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. ఇంగ్లండ్‌లో నాలుగేళ్లుగా వాడుతున్నాను. నాది సెల్ బయటికి తీసి విడిగా చార్జర్‌లో పెట్టుకునే రకం. 18650 అనే సైజు సెల్, 20 ఆంపియర్లు నికరంగా ఇవ్వగలిగేది. షార్ట్ అయితే బోర్డే ఆపేస్తుంది. రెండేళ్లకి ఒకసారి సెల్స్ మార్చాను, అంతకుమించి కథేం లేదు. మీరు తిడుతున్నది పారేసే రకాన్ని. ఆ డిస్పోజబుల్స్ అమ్మకం ఇక్కడా 2025 జూన్ 1 నుంచి బంద్. చెత్త లారీల్లో సెల్స్ నలిగి మంటలు లేస్తున్నాయన్నది కూడా ఒక కారణం. తర్వాత కంపెనీలు అదే డబ్బాకి టైప్ సి పోర్ట్ పెట్టి, "రీచార్జబుల్" అని మళ్లీ వదిలాయనుకోండి. అది వేరే సంగతి.

నా మాట ఏంటంటే, మన దగ్గర నిషేధం పెట్టబట్టే నాసిరకం వస్తోంది. బిల్లుండదు, గ్యారంటీ ఉండదు, అడిగే నాథుడుండడు.

లబ్బీపేట లా స్టూడెంట్

మన దగ్గర ఫోన్ బ్యాటరీకి, పవర్ బ్యాంక్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దీన్ని అమ్మడమే నేరమైనప్పుడు ఇక పరీక్ష ఎక్కడిది? మీరు చెప్పింది నిజమే గానీ అది రిపేర్ చెయ్యొద్దనడానికే పనికొస్తుంది. ఏం సెల్ వేశారో, ఎవరు వేశారో తెలియని దానికి అన్న తన షాపు పేరు ఎందుకు తగిలించుకోవాలి?

తెనాలి సర్వీస్ పాయింట్

అందరూ సెల్‌నే తిడుతున్నారు. వాడేవాళ్ల సంగతీ మాట్లాడండి. మే నెలలో స్కూటీ డిక్కీలో వదిలేస్తారు. బయటే 44, 45 ఉంటే డిక్కీలో ఎంత ఉంటుంది? తెచ్చీ తేగానే ఆ వేడి మీదే చార్జింగ్ పెడతారు. నేనైతే టీపీ 4056 అనే చార్జింగ్ మాడ్యూల్ వేసి ఇస్తాను, దాంట్లో రక్షణ ఉంటుంది.

బ్రాడీపేట మాస్టారు

వేడి మాట నూటికి నూరుపాళ్లు నిజం. 45 డిగ్రీలు దాటాక లిథియం సెల్‌ని చార్జ్ చెయ్యకూడదు. నిండా ఎక్కించి 40 డిగ్రీల్లో ఏడాది పెడితే, వాడకపోయినా మూడో వంతు దాకా సత్తువ పోతుంది. మన ఎండాకాలమే దానికి సగం రోగం.

కానీ తెనాలి బాబూ, ఆ మాడ్యూల్ కొన్నది కొన్నట్టే వేస్తున్నావా? దాని మీద చార్జింగ్ కరెంటుని నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, దాంతో ఒక ఆంపియర్ చార్జింగ్ ఇస్తుంది. 400 ఎంఏహెచ్ సెల్‌కి ఒక ఆంపియర్ అంటే రెండున్నర రెట్లు. చంటిపిల్లకి ఉగ్గుగిన్నె బదులు బిందె ఎత్తినట్టు. దాంట్లోని రక్షణ చిప్ షార్ట్‌ని ఆపుతుంది గానీ ఈ దాష్టీకాన్ని ఆపదు.

తెనాలి సర్వీస్ పాయింట్

...అది మార్చట్లేదు మాస్టారూ. కొన్నది కొన్నట్టే వేస్తున్నాను.

పటమట అక్క

మీ ఓమ్‌లూ ఆంపియర్లూ నాకు తెలియవు. మా అబ్బాయి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు దుప్పటి దులుపుతుంటే దిండు కింద వెచ్చగా తగిలింది. ఎర్ర లైటు వెలుగుతోంది, ఫోన్ చార్జర్‌కి పెట్టి ఉంది. పెన్‌డ్రైవ్ అన్నాడు. పెన్‌డ్రైవ్‌కి పుదీనా వాసన ఎందుకొస్తుందిరా అన్నాను. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే, ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఈ-స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి మా ఇంట్లో రాత్రి ఏదీ చార్జింగ్ పెట్టనివ్వను. వీడు దాన్ని తల కింద పెట్టుకున్నాడు. అలవాటు గురించి వాడితో విడిగా పోట్లాడుకుంటాను. గవర్నర్‌పేట తమ్ముడూ, నీ దగ్గరకొచ్చే నలుగురిలో మావాడు ఉంటే బాగుచేసి ఇస్తావా?

లీడ్స్‌లో గుంటూరోడు

అక్కా, స్కూటర్ బ్యాటరీ ఎక్కడ, ఇదెక్కడ. దాంట్లో ఇలాంటి సెల్స్ ఎన్నో కలిపి కట్టి ఉంటాయి. భయపెట్టకండి.

బ్రాడీపేట మాస్టారు

సైజు చిన్నదే నాయనా. కానీ స్కూటర్‌ని ఎవరూ పెదాల మధ్య పెట్టుకోరు. అమెరికా అగ్నిమాపక విభాగం 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 చివరి దాకా అక్కడి పత్రికల్లో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లు ఏరితే 195 తేలాయి. 133 మందికి గాయాలు. ఎక్కువ భాగం చార్జింగ్‌లో ఉన్నప్పుడు అనుకుంటాం కదా? కాదు. జేబులో ఉన్నప్పుడు 61, వాడుతుండగా 60. గొట్టంలా ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే బలహీనంగా ఉన్న కొసలోంచి తారాజువ్వలా దూసుకొస్తుంది. కోట్ల మంది వాడితే 195 తక్కువేనని నువ్వంటావు, అది నాకూ తెలుసు. కాకపోతే అవి పత్రికల దాకా వచ్చినవి. మనం చేతి టంకంతో అతికించినదాని లెక్క ఎవరు రాస్తారు?

లీడ్స్‌లో గుంటూరోడు

సరే, చేతి టంకం దగ్గర మాత్రం మీతోనే ఉన్నాను. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ గన్ పెడితే ఇక్కడ కూడా తిడతారు. స్పాట్ వెల్డింగే చెయ్యాలి. నిషేధం గురించి నా మాట మాత్రం అదే.

గవర్నర్‌పేట మొబైల్స్

ఆలస్యానికి ఏమనుకోకండి, షాపులో రద్దీ. ఆ 1.1 వోల్టు కుర్రాడు ఇవాళ పొద్దున వచ్చాడు. బోర్డూ దూదీ ఒక కవర్లో, సెల్ ఇంకో కవర్లో పెట్టి ఇచ్చాను. "బాగుచెయ్యమంటే విప్పి చేతిలో పెడతారేంటన్నా" అని మొహం గంటు పెట్టుకున్నాడు. మాస్టారి లెక్క వాడికి చెప్పడానికి ప్రయత్నించాను. బస్తా దాకా విన్నాడు, ఓమ్ దగ్గర ఫోన్ తీశాడు. చివరికి సెల్ కవర్ నా దగ్గరే వదిలేసి మిగతాది పట్టుకుపోయాడు. విప్పిన కూలి అడగలేదు.

అక్కా, మీ అబ్బాయి వస్తే అదే చేస్తాను. మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి తీసుకుపొమ్మన్నాను. ఆ సెల్‌ని ప్రస్తుతానికి ఇసక పోసిన డబ్బాలో పెట్టి మేడ మీద నీడలో ఉంచాను. చెత్త బండికి వెయ్యబుద్ధి కాలేదు.

తెనాలి సర్వీస్ పాయింట్

నేను మాత్రం ఆపనన్నా, చెప్తున్నాగా. వచ్చినవాణ్ని పొమ్మనలేను. కానీ రెండు వోల్టుల కింద చూపిస్తే ముట్టుకోను. మాస్టారూ, 400 ఎంఏహెచ్‌కి ఏ రెసిస్టర్ వెయ్యాలి?

బ్రాడీపేట మాస్టారు

చెప్పనయ్యా. చెప్తే నువ్వు ఆపవు.