రుమటాలజీ ప్రొఫెసర్ సత్తా హెచ్-ఇండెక్స్‌లో కనిపిస్తుందా?

మోకాలిచిప్ప:
ఒక రుమటాలజీ (కీళ్లవాతం వంటి జబ్బుల వైద్యం) ప్రొఫెసర్ పేపర్ల పట్టిక ఉండే గూగుల్ స్కాలర్ పేజీ తిరగేస్తున్నాను. పేరు అనవసరం, ఇలాంటి పేజీలు చాలానే ఉన్నాయి. హెచ్-ఇండెక్స్ చూస్తే కళ్లు తిరుగుతాయి. సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఎక్కువున్న పేపర్లు పైకి వచ్చేలా పేర్చి చూశాను. పైనున్నవన్నీ దాదాపు చికిత్స మార్గదర్శకాలు, జబ్బు వర్గీకరణ ప్రమాణాలే. ఒక్కోదానికీ గంపెడు మంది రచయితలు, ఈయన పేరు ఎక్కడో మధ్యలో. సొంత ల్యాబ్‌లో చేసిన పని కోసం కిందికి, ఇంకా కిందికి వెళ్లాల్సి వచ్చింది. ఈ అంకె చూసి గ్రాంట్లు, పదవులు ఇవ్వడం సబబేనంటారా?

లెక్కలమాస్టారు:
ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. కనీసం 40 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 40 ఉంటే మీ హెచ్ 40. రాసినవి ఐదే, ఒక్కోదానికి రెండు వేల సైటేషన్లు అనుకోండి, మీ హెచ్ 5. అంతే! రచయితలు ముగ్గురైనా మూడొందల మందైనా అందరి ఖాతాలోనూ పూర్తి మార్కు పడుతుంది. పైగా ఈ అంకె పెరగడమే తప్ప తగ్గదు. పని మానేసి పదేళ్లయినా పెరుగుతూనే ఉండొచ్చు.

మీ రంగంలోదే ఒక తమాషా చెప్తాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, అంటే కీళ్లవాతానికి, 2010లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, యూరప్ సంఘం యూలార్ కలిసి కొత్త ప్రమాణాలు తెచ్చాయి కదా. అదే పత్రాన్ని ఆర్థరైటిస్ అండ్ రుమటిజం, ఆనల్స్ ఆఫ్ ద రుమాటిక్ డిసీజెస్ అనే రెండు జర్నళ్లలోనూ వేశారు. రచయితలు ముప్ఫై మందికి పైనే. చేసింది ఒక పని, లెక్కలో రెండు పేపర్లు. లూపస్‌కి (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటిమీదే దాడిచేసే జబ్బు) 2019లో వచ్చిన ప్రమాణాలదీ ఇదే కథ.

పాతజర్నల్:
మాస్టారూ, రెండు జర్నళ్లలో వేసింది అందరికీ అందాలని, సైటేషన్ల కోసం కాదు. ఇక చిప్పగారూ, ప్రమాణాలు రాయడమంటే మీటింగుకెళ్లి సంతకం పెట్టి రావడం అన్నట్టు మాట్లాడుతున్నారు. 1987 నాటి ప్రమాణాల్లో ఏడింటికి నాలుగు ఉండాలి. ఆ ఏడింట్లో ఒకటి చర్మం కింద గడ్డలు, ఇంకొకటి ఎక్స్‌రేలో ఎముక కోత. ఆ రెండూ కనిపించేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది! 2010లో వాటిని తీసేసి, కీళ్ల సంఖ్య, రక్తంలో యాంటీబాడీలు, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) సూచికలు, ఎన్ని వారాలుగా ఉంది అన్నవాటికి పాయింట్లు ఇచ్చారు. పదికి ఆరు వస్తే చాలు. దాంతో తొలిదశ రోగుల్ని ట్రయల్స్‌లోకి తీసుకోవడం కుదిరింది. ఇది ప్రభావం కాకపోతే మరేది?

మోకాలిచిప్ప:
ప్రమాణాలది ప్రభావమే, కాదనను. కానీ ఆ ముప్ఫై మందిలో ఒక్కొక్కరిదీ ఎంత? పైగా ఆ సైటేషన్లు ఎలా వస్తాయో మీకు తెలియంది కాదు. మెథడ్స్ భాగంలో మొదటి వాక్యం, "రోగులు 2010 ప్రమాణాలకు సరిపోయారు", పక్కన ఒక నంబరు. రాసినవాళ్లలో ఎందరు ఆ పేపర్ తెరిచి చూసి ఉంటారు? తూకంరాయిని రోజూ వాడతాం, దాన్ని ఎవరు పోత పోశారో అడుగుతామా?

రెండోఏడు:
పీహెచ్‌డీ విద్యార్థిని, మధ్యలో వస్తున్నందుకు సారీ. సైటేషన్ అంటే మెచ్చుకోలే కానక్కర్లేదు కదండీ. లూపస్ రోగులు ఏళ్లుగా వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్‌కి పనిచేస్తుందని 2020లో ఫ్రాన్స్ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. లూపస్ వాళ్లకి మాత్రలు దొరక్క ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందా? ఆ పేపర్‌కి వేలల్లో సైటేషన్లు, అందులో తప్పని చెప్పడానికి రాసినవీ బోలెడు. 2024 డిసెంబరులో జర్నలే వెనక్కి తీసుకుంది. హెచ్-ఇండెక్స్‌కి తిట్టూ పొగడ్తా ఒకటే.

పాతజర్నల్:
మంచి ఉదాహరణ, ఒప్పుకుంటున్నా. ఇంకోవైపు కూడా చూడమ్మా. ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1948 సెప్టెంబరులో మొదటి కీళ్లవాతం రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. మంచం దిగలేని మనిషి కొద్ది రోజుల్లోనే నడిచింది. 1950కల్లా నోబెల్. వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని అడ్డుకుంటే కీళ్లవాతం తగ్గుతుందని మైనీ, ఫెల్డ్‌మన్ అనే పరిశోధకులు మొదట చూపించింది 20 మంది రోగులతో, 1990ల మొదట్లో. వీళ్ల పని విలువ చెప్పడానికి ఏ ఇండెక్సూ అక్కర్లేదు. కానీ కమిటీ ముందుకి అలాంటివాళ్లు రోజూ రారు. రెండొందల దరఖాస్తులు వస్తే ఏదో ఒక జల్లెడ కావాలిగా?

లెక్కలమాస్టారు:
జల్లెడ కావాలి, సరే, చిల్లులు సరిగ్గా ఉండాలిగా. సైటేషన్లను రచయితల సంఖ్యతో భాగించే పద్ధతి ఉంది. పని చేసినవాళ్ల పేరు మొదట, నడిపించినవాళ్లది చివర వేయడం ఆనవాయితీ కాబట్టి, మొదటి, చివరి రచయితగా ఉన్నవే లెక్కించొచ్చు. రుమటాలజీని క్యాన్సర్ రంగంతో పోల్చనే కూడదు, అక్కడ రాసేవాళ్లే ఎక్కువ, సైటేషన్లూ ఎక్కువే. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు) చూసి మనిషిని కొలవొద్దని 2012లోనే శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ చెప్పింది. సంతకాలు పెట్టిన సంస్థలు వేలల్లో ఉన్నాయి. పాటించేవెన్నో అడక్కండి.

పాతజర్నల్:
చివరి రచయిత అనగానే నమ్మేయకండి. ల్యాబ్ పెద్ద కాబట్టి పేరు చేరే సందర్భాలు ఎన్ని లేవు!

మోకాలిచిప్ప:
ఆ ప్రొఫెసర్ పేజీని మళ్లీ తెరిచి, మార్గదర్శకాలన్నీ పక్కనపెట్టి చూశాను. నిజం చెప్పాలంటే మిగిలినవాటిలో రెండు చాలా మంచివి. ఒకదానికి సైటేషన్లు పెద్దగా లేవు, అయినా చదివి కూర్చుండిపోయాను. ఈయన్ని తక్కువ చెయ్యాలని కాదు నా గొడవ. ఆ రెండు పేపర్లూ ఏ కమిటీ కంటా పడవనే.

రెండోఏడు:
ఇంతకీ నా థీసిస్‌లో 2010 ప్రమాణాలకి ఆ రెండు జర్నళ్లలో ఏది సైట్ చెయ్యాలి?

లెక్కలమాస్టారు:
ఏదో ఒకటి పెట్టమ్మా, చాలు.

రెండోఏడు:
మా గైడ్ రెండూ పెట్టమన్నారు సార్. ఆ రచయితల్లో ఆయనా ఉన్నారు.